కాలనీ మట్టంతా ఆయన నోట్లోనే

“నాలుక చాపండి” అన్నాను.

మా ఆయన కిటికీ వెలుగులోకి వచ్చి, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడి నాలుక చాపారు. మొన్నటిదాకా పాలమీగడలా ఉన్న పొర టీ రంగుకి తిరిగింది.

“మళ్ళీ ఎవరి మట్టి తిన్నారు?”

“తినలేదు వేణీ. ఊరికే నాలిక్కి తగిలించానంతే. చివరింటి సోమయాజులుగారు పాపం ఎండలో నడిచొచ్చారు. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే లేదు పొమ్మని ఎలా అంటాం?”

“అంటాం. నోరు తెరిచి అంటాం. అందుకు నాలుక మీద పొర అడ్డం రాదు.”

ఆయన నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హైస్కూల్లో ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఎంత మొండి పిల్లాడికైనా భిన్నాలు ఎక్కించాను. ఈ మనిషికి మాత్రం ‘కాదు’ అనే ఒక్క మాట నేర్పలేకపోయాను.

అసలు ఇదంతా మా పెరట్లో నాలుగు వంకాయలు పండించుకుందామని నేను ఆశపడ్డ పాపానికి మొదలైంది. కాకినాడ అవతల సముద్రం వైపు రొయ్యల చెరువులు పూడ్చి వేసిన కాలనీ మాది. అందరివీ కొత్త ఇళ్ళు, ప్రతి ఇంటి వెనకా కాస్త ఖాళీ జాగా. సిమెంటు చెయ్యకుండా ఉంచుకున్నామన్న సంబరమే తప్ప, అందులో గడ్డి కూడా సరిగ్గా మొలవదు. నేను వేసిన టమాటా నారు ఆకుల అంచులు మాడి చచ్చింది. బెండ గింజలు మొలవనే లేదు. పైగా మా ఆయన పట్టాభి ఉప్పునేలల పరిశోధనశాలలో శాస్త్రవేత్త. ఇంట్లో మట్టి డాక్టర్ని పెట్టుకుని, వీధి చివర బండి దగ్గర పుచ్చు వంకాయలు ఏరుకునే ఖర్మ నాది.

ఒక ఆదివారం గట్టిగా వేసుకుంటే పలుగు పట్టుకుని లేచారు. పని మాత్రం పద్ధతిగా చేస్తారు. పైన చెత్త గీకేసి, పెరడంతా వంకరటింకరగా తిరుగుతూ అక్కడక్కడ గుంటలు తీశారు. ఒక్కో గుంట గోడకి అడుగు నుంచి పైదాకా పల్చటి పొర చెక్కి, ఆ మట్టంతా నా పాత చీర మీద పోసి కలిపారు. నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి రెండూ ఉంచి మిగతావి పారబోశారు. గుప్పెడు మిగిలేదాకా మళ్ళీ అంతే. నీడలో ఆరబెట్టి లాబ్‌కి పట్టుకెళ్ళారు. ఉప్పు ఎక్కువ, చౌడు గుణం ఉంది, మిగతా అంతా బాగానే ఉందని యంత్రం చెప్పింది. కాలవ నీళ్ళు పట్టి ఉప్పు కడిగాం. జిప్సం చల్లాం. మళ్ళీ నారు పోశాను. మళ్ళీ చచ్చింది.

“ఇందులో ఇంకేదో ఉంది” అన్నారాయన మట్టి నలుపుతూ.

“యంత్రం చెప్పలేదుగా?”

“అడిగితేగా చెప్పడానికి? యంత్రం మనం అడిగినదానికే జవాబిస్తుంది. నాలుక అలా కాదు. పులుసులో ఏం తేడా ఉందో తెలియకపోయినా, ఏదో తేడా ఉందని ముందు అది పసిగడుతుంది.”

ఆ మాట నా మీద విసురో కాదో నాకు తెలీదుగానీ, నాలుక గురించి ఆయన ఊరికే అనలేదు. లాబ్‌లో అప్పటికే వాళ్ళు వానపాము చర్మంలోని కణాల నుంచి ఒక పొర పెంచుతున్నారు. వానపాము ఒళ్ళంతా నాలుకేనట, మట్టిలో పాకుతూనే దాని రుచి చూస్తుందట. ఆ పొర మనిషి నాలుక మీద పరిస్తే నరాలకు అతుక్కుని మట్టిలో ఉన్నదంతా రుచిగా తెలుస్తుందని వాళ్ళ లెక్క. ఎలుకలకి పెట్టి చూశారు. ఎలుకలు ఏం తెలిసినా చెప్పవు కదా. మనిషి కావాల్సి వచ్చింది. ఎవరు ముందుకొస్తారని డైరెక్టరు రుక్మాంగదరావుగారు మీటింగులో అడిగితే అందరూ బల్ల వైపు చూశారట. ఆయన బాధపడతారేమోనని మొహమాటపడి మా ఆయన చెయ్యెత్తారు.

నాకు ఆ సంగతి పొర అంటించుకుని వచ్చాక చెప్పారు.

“తీస్తే వస్తుందా?” అన్నాను ముందు.

“ఆఁ, ద్రావకం ఉంది. పుక్కిలిస్తే కరిగిపోతుంది. కాకపోతే మట్టి తగిలినకొద్దీ పొర లోపలికి వేళ్ళు దించుతుంది. రంగు చూసుకుంటూ ఉండాలి. తెలుపు, టీ రంగు, ఆ తర్వాత కాఫీగింజ రంగు. కాఫీగింజ రంగుకి వస్తే ఇక రాదు.”

“రాకపోతే?”

“అన్నం రుచి తెలీదు” అన్నారు మెల్లిగా.

ఆ రాత్రి బీరకాయ కూర వేశాను. రెండు ముద్దలు తిని కళ్ళు మూసుకున్నారు. “ఎర్రనేల. జింకు తక్కువ. బోరు నీళ్ళు పెట్టారు.”

“కూర ఎలా ఉంది?”

“కూర... తెలీడం లేదు వేణీ. బియ్యం మటుకు గోదావరి ఒండ్రు.”

మా ఆయన సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడొకటి చెప్పాలి. ఊళ్ళో అందరి దగ్గరా మొహమాటమే. పెళ్ళిలో పాచిపోయిన పప్పు వడ్డించినా బాగుందండీ అని మారు వడ్డించుకునే మనిషి. ఇంటికొస్తే మాత్రం ఆ సరుకు అయిపోతుంది. “చారు చప్పగా తగలబడింది”, “ఈ వేపుడు వీధిలోకి విసిరితే కుక్క కూడా మూతి తిప్పుకుంటుంది” అని నా మొహం మీదే అంటారు. నేనూ తిరిగి అంటాను. మా కాపురం అలాగే సాగింది, మాకేం లోటు లేదు. అలాంటిది కంచం ముందు కూర్చుని జింకు, ఇనుము, సున్నం అని కళ్ళు మూసుకుంటుంటే నా వంట ఎవరికి చెయ్యాలో నాకు అర్థం కాలేదు.

అయితే పొర పని చేసింది, అది నేను కాదనను. మా పెరటి మట్టి చిటికెడు నాలుక మీద వేసుకుని ఆయన మొహం చిట్లించారు. “ఉప్పు సరే. దాని కింద ఒక చేదు ఉంది. మందుబిళ్ళల డబ్బా మూత నాకినట్టుంది.” చెరువుల్లో రొయ్యలకీ చేపపిల్లలకీ జబ్బు రాకుండా పోసే మందులన్నీ లాబ్‌లో వరసగా పెట్టించుకుని వాసన చూసి, ఒక్కోటి చిటికెడు మట్టిలో కలిపి రుచి చూశారు. ఒకటి దొరికింది. ఈసారి యంత్రానికి ఆ మందు పేరు చెప్పి వెతకమన్నారు. ఉందంది. పూడ్చినా ఆ మందు చెరువు అడుగు బురదతో పాటు అలాగే ఉండిపోయింది. నా టమాటాలు చచ్చింది దానికే.

రుక్మాంగదరావుగారు లాబ్‌లో అందరికీ కాజాలు పంచారట. మా ఆయనకి ఆ కాజా చెరుకు ఏ నేలలో పండిందో తెలిసింది.

ఇక పెరడు పని మొదలుపెట్టాం. కూలీలని పెట్టి పైన మోకాలి లోతు మట్టి తీయించి, లాబ్‌వాళ్ళు చెప్పిన గోతిలో పూడ్పించాం. తీసిన చోట ఒండ్రుమట్టీ చివికిన పశువుల ఎరువూ నింపి, గట్టు కట్టి కాలవ నీళ్ళు నిలబెట్టి వదిలేశాం. ఆపైన పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ గింజలు చల్లాం. అది పూతకి వచ్చాక అక్కడే తొక్కించి మట్టిలో కలిపేస్తే నేలకి ప్రాణం వస్తుందట. జీలుగ ఝామ్మని లేచింది. గోడ మీంచి అందరికీ కనబడింది.

అదే కొంప ముంచింది.

ముందు వచ్చింది పక్కింటి మంగతాయారు. స్టీలు గిన్నెలో మట్టి, పైన మూత, పులిహోర పంపినట్టు. “వదినగోరూ, అన్నయ్యగోరు నాలిక్కేసుకుని చెప్పేత్తారంట కదండీ. మా పెరట్లో కూడా ఏమైనా ఉందేమో కాత్త చూడమనండి. కోడలు కడుపుతో ఉంది, ఆకుకూరలేసుకుందామని.”

“లాబ్‌కి ఇవ్వండి వదినగారూ, వాళ్ళు చూస్తారు” అన్నాను.

“ఇచ్చామండి. వచ్చే సీజన్‌కి రమ్మన్నారండి. పైగా యే మందో చెబితే ఎతుకుతారంట. మాకేం తెలుసండీ, ఒక్కో చెరువోడు ఒక్కోటి పోసేవోడు.”

నేను ఇంకో మాట అనేలోపు లోపల నుంచి ఆయన గొంతు వినబడింది. “ఇవ్వండి చెల్లెమ్మా, దానికేముంది!”

ఆవిడ తెచ్చింది ఇంటి ముందు పూలమొక్కల మట్టి. శుభ్రంగానే ఉందని చెప్పి పంపారు. ఆ సాయంత్రానికి సంగతి వీధి చివరిదాకా పాకింది. మర్నాటి నుంచి గిన్నెలు. మూతలున్నవి, లేనివి, టిఫిన్ డబ్బాలు, పెళ్ళిళ్ళలో పంచిన ప్లాస్టిక్ డబ్బాలు. మా వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వడం మర్యాద కాదు. మట్టి తెచ్చిన గిన్నెలు కూడా ఖాళీగా ఇవ్వబుద్ధి కాక, బడి నుంచి అలసిపోయి వచ్చి నేను కడిగి తుడిచి అందులో ఏదో ఒకటి పెట్టి పంపాలి. కొన్నాళ్ళు జంతికలు పెట్టాను. చిరాకు పుట్టి, తర్వాత జిప్సం పోసి ఇచ్చాను. దానికీ థాంక్సు చెప్పి పట్టుకెళ్ళారు!

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నాలుక చూశాను. గేటుకి తాళం వేశాను. సోమయాజులుగారు గోడ మీంచి డబ్బా అందించారు. మా ఆయన అందుకున్నారు.

చివరికి నేనే లాబ్‌కి వెళ్ళి రుక్మాంగదరావుగారిని నిలదీశాను.

“మీరన్నది నిజమేనమ్మా, ఇక ఆపాలి” అన్నారాయన బల్ల మీది గాజుపళ్ళెంలో పొర ముక్కని చూస్తూ. “శుక్రవారం తీసేద్దాం. ఈలోగా ఒక్క రవ్వ కూడా తగలకూడదు. ఇంకొక్కసారి తగిలితే నాది హామీ లేదు.”

“ఆ మాట ఆయనతో చెప్పండి.”

“చెప్పానమ్మా. సరే అన్నారు. ఆయన ఎప్పుడు కాదన్నారు గనక?”

ఇంటికొచ్చి దేవుడి గూటి ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాను. నేను పెట్టనిదే నోట్లో ఏదీ పెట్టుకోనని. ఒట్టు వేశారు. వేశాక నా వైపు చూసి, “శుక్రవారం రాత్రి ఏం వండుతావ్?” అన్నారు.

“ఏం కావాలి?”

“కాకరకాయ పులుసు. బెల్లం తక్కువెయ్యి. క్రితంసారి పాకంలా తగలబెట్టావ్.”

నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ సాయంత్రమే కాకరకాయలు కొనేశాను.

శుక్రవారం పొద్దున్న నాలుక చూశాను. ముదురు టీ రంగు. ఇంకా టీయే. బండి బయటికి తీశారు, నేను గేటు వేస్తున్నాను. మంగతాయారు కోడలు శ్యామల పక్కగోడ పట్టుకుని నిలబడి ఉంది. నెలలు నిండుతున్న పిల్ల. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో చిన్న గిన్నె.

“అక్కా, ఒక్క మాట” అంది.

“ఇవాళ కాదమ్మా. ఇవాళ ఎవరిదీ కాదు” అన్నాను, చూడకుండానే.

“మొక్కలక్కాదక్కా.”

ఆ పిల్ల గొంతు విని ఆగాను. శ్యామల గోడ వైపు తిరిగి ఏడ్చేసింది. “వానపడ్డాక ఆ వాసనకి ఉండలేకపోతున్నానక్కా. వెనకాల బావి పక్కన మట్టి... రోజూ కాత్త నోట్లో ఏసుకుంటన్నాను. అత్తయ్యకి తెలీదు. కడుపుతో ఉన్నోళ్ళకి మామూలే అనుకున్నాను. వారం నుంచి వాంతులు, కాళ్ళు తిమ్మిరి. నిన్న డాక్టరమ్మకి చెప్పేశాను. అందులో ఏం మందుందో తెలిస్తే దానికి చూత్తానంది. తెలీకుండా ఏదిపడితే అదిత్తే బిడ్డకి మంచిది కాదంది.”

“లాబ్‌కి...” అని, ఆగిపోయాను. వచ్చే సీజన్. ఏ మందో చెబితే వెతుకుతారు. ఒక్కో మందూ వరసపెట్టి వెతకాలంటే వారాలు పడుతుంది.

మా ఆయన బండి స్టాండు వేసి వచ్చి మా పక్కన నిలబడ్డారు. చెయ్యి చాపలేదు. ఇన్నాళ్ళూ అడ్డమైనవాళ్ళ గిన్నెలూ అందుకున్న మనిషి, ఒట్టుకి కట్టుబడి చేతులు వెనక్కి పెట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు. అప్పుడు నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. అందుకుని ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నేను చెప్పాలి.

ఫ్రిజ్‌లో ఉన్న కాకరకాయలు గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్ల కడుపు చూశాను.

లోపలికి వెళ్ళి చెంచా తెచ్చాను. గిన్నెలో మట్టి చెంచా అంచు మీద కాస్త తీసి నేనే ఆయన నోటికి అందించాను.

“చూడండి” అన్నాను. “సరిగ్గా చూడండి. మొహమాటానికి బాగుందని చెప్పారంటే చంపేస్తాను.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. మట్టిని నాలుక మీద అటూ ఇటూ తిప్పారు. తర్వాత శ్యామల వైపు తిరిగి, నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడని గొంతుతో మాట్లాడారు.

“ఉందమ్మా. కొంచెం కాదు, బాగా ఉంది. మా పెరట్లోది కాదు, వేరే మందు. చేపపిల్లలకి బూజు పట్టకుండా పోసే పచ్చమందు. పేరు రాసిస్తాను. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు. మీ అత్తగారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

“బావగారూ...”

“ఇంకొక్క చిటికెడు కూడా నోట్లో పెట్టకు. వింటున్నావా? వద్దంటే వద్దు.”

మంగతాయారు పరుగెత్తుకొచ్చింది. ఆటో పిలిచాం. వాళ్ళని ఎక్కించి పంపాక, మేము లాబ్‌కి వెళ్ళాం. నాలుక చాపమని నేను అడగలేదు.

రుక్మాంగదరావుగారు ద్రావకం పోసి పుక్కిలించమన్నారు. ఉమ్మించి చూశారు. మళ్ళీ పోశారు. దూదితో రుద్దారు. పొర అంచు కూడా లేవలేదు. దీపం దగ్గరగా పెట్టి చూసి నిట్టూర్చారు. “కాఫీగింజ” అన్నారు.

“ఏమీ చెయ్యలేమా?”

“కోస్తే నాలుకే పోతుందమ్మా. అయినా ఒకందుకు ఆలోచిస్తే...” ఆయన కళ్ళు మెరిశాయి. “ఇలాంటి నాలుక దేశంలో ఇంకొకటి లేదు. ఎన్ని నేలలు చూడొచ్చు!”

“అయితే మీరూ ఒకటి అంటించుకోండి” అన్నాను. “తోడుంటుంది.”

ఆయన దీపం ఆర్పేశారు.

ఆ సాయంత్రం కాకరకాయలు శ్యామలావాళ్ళింటికి ఇచ్చేశాను. డాక్టరమ్మ పచ్చమందు పేరు పట్టుకుని పరీక్షలు చేయించింది, దానికి తగ్గ వైద్యం చేసింది. వాంతులు కట్టాయి. నెల తిరిగాక ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువైనా గట్టిగా ఏడ్చిందని మంగతాయారు గోడ మీంచే కేకేసి చెప్పింది. ఆయన వాళ్ళ పెరడంతా తిరిగి, ఎక్కడ ఎంత లోతు తియ్యాలో ముగ్గు వేసి చూపించారు. ఇక కాలనీలో ఎవరొచ్చినా నేను గేటు దగ్గర ఆపడం లేదు. ఆపి ఏం లాభం?

జీలుగ పూతకి రాగానే తొక్కించి మట్టిలో కలిపాం. నీళ్ళు పెట్టి కుళ్ళనిచ్చాం. ఆ నేల నల్లగా మెత్తబడి, చేత్తో పిసికితే వేళ్ళ మధ్య నుంచి పొడిపొడిగా జారింది. వంగనారు నాటాను. అంచులు మాడలేదు. తొలి కాపు నీలంగా నిగనిగలాడుతూ వచ్చింది. ఒక్క పుచ్చు లేదు.

నేను ఆ కాయలు గుత్తిగా కోసి కారం కూరి నూనెలో మగ్గించాను. చాలా రోజుల తర్వాత శ్రద్ధగా వంట చేశాను, ఎందుకు చేస్తున్నానో తెలియకుండానే. ఆయనకి వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. నేల గురించి చెబుతారని ఎదురుచూశాను. ఒండ్రు అంటారు, జీలుగ అంటారు, మందు పోయిందంటారు. ఆ మాటలకే సిద్ధపడి ఉన్నాను.

ఆయన కాయ చిదిమి అన్నంలో కలుపుకున్నారు. ఒక ముద్ద నమిలారు. ఇంకోటి తిన్నారు. తలెత్తి నా మొహం చూసి, వెంటనే కంచం వైపు చూపు దించుకున్నారు.

“కూర చాలా బాగుంది వేణీ” అన్నారు. “ఉప్పూ కారం సరిగ్గా సరిపోయాయి.”

నేను మారు వడ్డించాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నా దగ్గర మొహమాటపడడం అదే మొదటిసారి.